ఒక గురువుగారి వ్యక్తిగత లాంఛనం: టోపీ, కుచ్చులు, పడవ, ఆల్చిప్ప – వీటిని ఎలా చదవాలి?

పాతఅట్ట రాశారు:

మిత్రులందరికీ నమస్కారం. ఈమధ్య నా చేతికి వచ్చిన ఒక పాత క్రైస్తవ వేదాంత గ్రంథం లోపలి అట్టకు, ఆ పుస్తకం ఎవరిదో తెలిపే అచ్చు చీటీ ఒకటి అంటించి ఉంది. అయితే పేరు ఉండవలసిన చోట కాగితం చిరిగిపోయింది. మిగిలింది ఒక కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే ఒకరి గుర్తుగా డాలు ఆకారంలో గీసే లాంఛనం మాత్రమే. అది కథోలిక గురువులలో, అంటే ఫాదర్లలో ఎవరిదో అయి ఉండాలని టోపీని బట్టి ఊహిస్తున్నాను. అచ్చు నల్ల సిరాతోనే ఉంది, రంగులు లేవు.

నాకు కనిపిస్తున్నది ఇది. నడుమ ఒక డాలు. డాలు పైన వెడల్పాటి అంచులున్న టోపీ, దాని రెండు వైపుల నుంచి తాళ్లు దిగి, ఒక్కో వైపు ఆరేసి కుచ్చులతో ముగుస్తున్నాయి. డాలు పై భాగాన అడ్డంగా ఒక పట్టీ, దాని నిండా సన్నని చుక్కలు, చుక్కల నడుమ విసనకర్ర ఆకారంలో ఒక ఆల్చిప్ప. పట్టీ కింద అంతా అడ్డగీతలు. ఆ గీతల మధ్య తెల్లగా వదిలేసిన పడవ, పడవ పైన ఒక నక్షత్రం, పడవ కింద అలలు. పడవ ఒక పక్కన మాత్రం గళ్లుగళ్లుగా ఒక నల్లని మచ్చ ఉంది. అది ఏమిటో బోధపడలేదు. అన్నిటికీ కింద, మెలికలు తిరిగిన పట్టీలో ‘దూక్ ఇన్ ఆల్తుం’ అన్న లాటిన్ మాటలు.

ఆరు కుచ్చులుంటే బిషప్పుగారిదని ఎక్కడో విన్నాను. ఆ లెక్కన ఇది ఒక బిషప్పుగారి లాంఛనమేనా? లోపలి బొమ్మల అర్థం ఏమై ఉంటుంది?

ముద్రాక్షరి రాశారు:

పాతఅట్ట గారూ, బొమ్మల దగ్గరికి వెళ్లే ముందు ఒక విభజన మనసులో పెట్టుకుంటే పని సులువవుతుంది. మతాధికారి లాంఛనంలో డాలుకు వెలుపల ఉన్నదంతా ఆయన పదవి చెబుతుంది, డాలు లోపల ఉన్నది ఆయన ఎవరో చెబుతుంది. వెలుపలి వాటిని నియమం నిర్ణయిస్తుంది. వాటిలో ఆయన ఇష్టానికి తావు లేదు. లోపలి వాటిని ఆయనే ఎంచుకుంటారు, లేదా వంశం నుంచి తెచ్చుకుంటారు. అందుకే మొదట టోపీని చదవాలి.

యోధుల లాంఛనాలలో డాలు మీద శిరస్త్రాణం ఉంటుంది. యుద్ధం చేయని గురువుకు శిరస్త్రాణం పొసగదు కనుక దాని స్థానంలో టోపీ వచ్చింది. దీనిని ఇటలీ భాషలో గలేరో అంటారు. 1245లో లియోన్ మహాసభ నాటికి నాలుగవ ఇన్నోసెంట్ పోపు కార్డినళ్లకు ఎర్ర టోపీని ప్రసాదించారు. అది క్రమంగా వారి లాంఛనాలలోకి ప్రవేశించింది. తరువాత మిగిలిన అంతస్తుల వారు కూడా వేర్వేరు రంగుల టోపీలు, వేర్వేరు సంఖ్యల కుచ్చులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు స్థిరపడిన పద్ధతి ప్రకారం కార్డినల్‌కు ఎర్ర టోపీ, ఒక్కో వైపు 15 కుచ్చులు. అగ్రపీఠాధిపతికి (ఆర్చిబిషప్పుకు) ఆకుపచ్చ టోపీ, పదేసి. బిషప్పుకు ఆకుపచ్చ టోపీ, ఆరేసి. ఏ ప్రత్యేక బిరుదూ లేని గురువుకు నల్ల టోపీ, ఒక్కొక్కటి. ఈ అంకెలు గాలివాటంగా వచ్చినవి కావు. కుచ్చులు పై నుంచి కిందికి వరుసలుగా వేలాడుతాయి: ఒకటి, రెండు, మూడు కలిపితే ఆరు, ఇంకొక వరుస చేరిస్తే పది, మరొకటి చేరిస్తే పదిహేను. అయితే పాత చెక్కడాలలో ఈ సంఖ్యలు అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. కార్డినళ్లకు 15 అని కట్టుదిట్టం చేసినది 1832లో మాత్రమే.

మీ ప్రశ్నకు వస్తే, ఆరు కుచ్చులు ఉన్నంత మాత్రాన బిషప్పు అని తేల్చలేము. రెండు విషయాలు చూసి చెప్పండి. డాలు వెనుక నిలువుగా ఒక సిలువ కర్ర ఉందా? పైన దాని కొన, కింద దాని అడుగు డాలుకు బయట కనిపించాలి. రెండవది, టోపీ మీద, కుచ్చుల మీద ఏవైనా గీతలున్నాయా, లేక సిరా నిండుగా పూసి ఉందా?

పాతఅట్ట రాశారు:

భూతద్దం పెట్టి చూశాను. డాలు వెనుక సిలువ లేదు. టోపీ మొత్తం నల్ల సిరా నిండుగా ఉంది. కుచ్చులు మాత్రం నల్లగా లేవు. వాటి మీద వెంట్రుక మందాన ఏటవాలు గీతలున్నాయి. ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నట్టున్నాయి. వరుసలు మీరు చెప్పినట్టే ఒకటి, రెండు, మూడు.

గీతలరాయుడు రాశారు:

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు, కనుక కాస్త వివరంగా రాస్తాను.

రంగు సిరాలతో అచ్చు వేయడం కష్టమైన కాలంలో, నలుపు తెలుపుల్లోనే రంగులను సూచించడానికి గీతల పద్ధతులు పుట్టాయి. వాటిలో నిలిచినది సిల్వెస్టర్ పేత్రా సాంక్తా అనే యేసుసభ (జెస్యూట్) గురువు 17వ శతాబ్దంలో తన గ్రంథాల ద్వారా ప్రచారంలోకి తెచ్చినది. చుక్కలు బంగారం; ఏమీ లేని తెలుపు వెండి; నిలువు గీతలు ఎరుపు; అడ్డగీతలు నీలం; నిలువూ అడ్డమూ కలిసి గళ్లు కడితే నలుపు; ఏటవాలు గీతలు ఒక దిశలో ఆకుపచ్చ, ఎదురు దిశలో ఊదా. ఆ చివరి రెండూ తారుమారైతే మనిషి పదవే మారిపోతుంది.

లాంఛనశాస్త్రంలో కుడి ఎడమలు చూసేవాడివి కావు, డాలు పట్టుకున్నవాడివి. డాలును చేతపట్టి వెనుక నిలబడ్డ మనిషిని ఊహించుకోండి; ఆయన కుడి మనకు ఎడమ. ఆయన కుడి భుజం దగ్గర మొదలై ఆయన ఎడమ కాలి వైపు దిగే గీత ఆకుపచ్చ. అంటే మన కంటికి పైన ఎడమ నుంచి కింద కుడికి. ఊదా దీనికి ఎదురు: మన కంటికి పైన కుడి నుంచి కింద ఎడమకు. పాతఅట్ట గారు ‘ఎడమ నుంచి కుడికి వాలి’ అన్నారు కాని, పైనుంచి దిగడమా, కిందినుంచి ఎక్కడమా అన్నది ఆ మాటలో తేలలేదు. మరొకసారి చూసి చెప్పగలరు.

అదే దృష్టితో ఆ నల్ల మచ్చను కూడా చూడండి. ఆ గళ్లు నిలువు, అడ్డ గీతలతో ఏర్పడ్డవా, లేక రెండు ఏటవాలు గీతలు ఒకదానినొకటి కోస్తూ ఏర్పడ్డవా? మొదటిదైతే అది నలుపు రంగు. రెండవదైతే అది రంగు కాదు, వస్తువు.

పాతఅట్ట రాశారు:

మీరు అడిగాక గాని నా వాక్యంలోని లోపం నాకు తెలియలేదు. కుచ్చుల మీది గీతలు పైన కుడి వైపు మొదలై కింద ఎడమకు దిగుతున్నాయి. ఫోటో తీయడంలో బొమ్మ తిరగబడిందేమోనన్న అనుమానంతో అసలు చీటీనే చూశాను. లాటిన్ అక్షరాలు సరిగానే చదవబడుతున్నాయి, కాబట్టి తిరగబడలేదు.

ఇక గళ్ల సంగతి: అవి ఏటవాలువే, డైమండు ఆకారంలో ఉన్నాయి. పైగా ఆ మచ్చ పడవ అంచు దగ్గర ఆగకుండా కిందికి జారి అలలలోకి దిగి ఉంది. ఇప్పుడు చూస్తే అది మచ్చ కాదు, వల!

ముద్రాక్షరి రాశారు:

అయితే టోపీ కథ ముగిసినట్టే. నల్ల టోపీ, ఊదా కుచ్చులు, ఒక్కో వైపు ఆరు, డాలు వెనుక సిలువ లేదు. ఇది బిషప్పుగారిది కాదు. మోన్సిఞ్ఞోర్ అని పిలవబడే గౌరవ బిరుదులలో మొదటి మెట్టు అయిన ‘పోపుగారి చాప్లిన్’ హోదా గల గురువుది.

ఆరు కుచ్చుల టోపీలు ఎన్ని రకాలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. టోపీ, కుచ్చులు రెండూ ఆకుపచ్చ, వెనుక సిలువ ఉంటే బిషప్పు. రెండూ నలుపు అయితే మేత్రాసనపు (బిషప్పు పాలించే ప్రాంతపు) వికార్ జనరల్, అంటే పాలనలో బిషప్పుకు ప్రతినిధి కావచ్చు. రెండూ నలుపై వెనుక తెల్లని గుడ్డ వేలాడే దండం కూడా ఉంటే మఠాధిపతి. టోపీ, కుచ్చులు రెండూ ఊదా అయితే మోన్సిఞ్ఞోర్‌లలో రెండవ మెట్టు. ఊదా టోపీకి ఎర్ర కుచ్చులైతే ఇంకా పై మెట్టు. లెక్క ఒక్కటే, రంగులు వేరు. అందుకే గీతలరాయుడు గారు గీతల దిశ కోసం అంత పట్టుబట్టారు. 2014లో ఫ్రాన్సిస్ పోపు ఈ బిరుదులను బాగా కుదించి, మేత్రాసన గురువులకు చాప్లిన్ హోదా ఒక్కటే, అది కూడా 65 ఏళ్లు నిండిన వారికే అని నిర్ణయించారు. మీ చీటీ అంతకు ముందుదైతే ఆయన వయసు గురించి ఏమీ ఊహించలేము.

సందేహి రాశారు:

నాకు మొదటి నుంచీ ఒక అభ్యంతరం ఉంది. పేదరికాన్ని, వినయాన్ని బోధించే గురువుకు డాలెందుకు, బిరుదుటోపీ ఎందుకు? ఇది ప్రభువంశాల ఆడంబరానికి అనుకరణ కాదా? తన పుస్తకాల మీద తన లాంఛనం అచ్చు వేయించుకున్న మనిషిని గురించి మనం ఇంత భక్తిగా చర్చించడం నాకు కొంచెం విడ్డూరంగా ఉంది.

గుడిమెట్లు రాశారు:

సందేహి గారి అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. ఆడంబరం జరిగింది, దాన్ని అదుపులో పెట్టవలసి కూడా వచ్చింది. కార్డినళ్లు తమ డాళ్ల మీద ప్రభువంశపు కిరీటాలు పెట్టుకోవడాన్ని 17వ శతాబ్దంలో పదవ ఇన్నోసెంట్ పోపు నిషేధించారు. అందరూ ఒకే ఎర్ర టోపీ కింద నిలవాలన్నది దాని సారం. 1969లో మరొక కోత పడింది: కార్డినళ్లు, బిషప్పులు తమ లాంఛనాలలో మొనదేలిన బిషప్పు టోపీ అయిన మైటర్‌ను, కాపరి దండాన్ని చూపవద్దని ఆదేశం వచ్చింది. సిలువ, టోపీ మిగిలాయి. విచిత్రమేమంటే, అదే సంవత్సరం నుంచి కార్డినళ్లకు నిజమైన గలేరో ఇవ్వడం ఆగిపోయింది. ఇప్పుడు ఆ టోపీని ఎవరూ ధరించరు. అది బొమ్మలో మాత్రమే బతుకుతోంది. మరణించిన కార్డినల్ టోపీని ఆయన సమాధి పైన కప్పుకు వేలాడదీసి, అది చివికి రాలిపోయే దాకా వదిలేసే ఆచారం ఒకటి ఉండేది. లోకకీర్తి ఎంతకాలమో ఆ టోపీయే చెబుతుందని దాని భావం. ఆడంబర వస్తువుకు దానిలోనే విరుగుడు పెట్టడం నాకు నచ్చిన విషయం.

మరొక సంగతి. లాంఛనం మొదట అలంకారం కాదు, ముద్ర. పత్రం మీద మైనంతో వేసే ముద్రలో పేరు చదవలేనివాడికి కూడా అది ఎవరి ఆజ్ఞో తెలియాలి. ముద్ర అవసరం తీరిపోయినా ఆ రూపం నిలిచింది, ఎందుకంటే గురువు తాను ఏ సంకల్పంతో ఈ పని మొదలుపెట్టాడో నాలుగు బొమ్మల్లో, మూడు మాటల్లో చెప్పుకునే అవకాశం మరెక్కడా లేదు. ఆంగ్ల వేదాంతి జాన్ హెన్రీ న్యూమన్ 1879లో కార్డినల్ అయినప్పుడు కొత్త ఆర్భాటమేదీ కల్పించుకోలేదు. తండ్రి వాడిన మూడు హృదయాల డాలునే తీసుకుని, ‘హృదయం హృదయంతో మాట్లాడుతుంది’ అనే అర్థం గల లాటిన్ వాక్యాన్ని దాని కింద ఉంచారు. వంశచిహ్నంలోని హృదయాలు ఆ వాక్యంతో కొత్త అర్థం పొందాయి. దీనిలో నాకు డాంబికం కనిపించదు.

లాటిన్‌బడి రాశారు:

నేను కింది పట్టీలోని మాటల గురించి రాస్తాను, ఎందుకంటే పడవ, వల రెండూ దానిలోంచే పుట్టాయి.

‘దూక్ ఇన్ ఆల్తుం’ లూకా సువార్త 5వ అధ్యాయం 4వ వచనంలోనిది. సీమోను రాత్రంతా శ్రమించి ఒక్క చేప కూడా పట్టలేక, ఒడ్డున వలలు కడుగుకుంటున్న వేళ యేసు అతని పడవ ఎక్కి, లోతుకు నడిపించమంటారు. వెంటనే, చేపల కోసం వలలు వేయండి అంటారు. తెలుగులో మనం గబగబా చదువుకుపోయే చోట లాటిన్‌లో ఒక సూక్ష్మం ఉంది. ‘దూక్’ ఏకవచనం: నువ్వు నడిపించు. వల వేయమనే ‘లక్సాతే’ బహువచనం: మీరందరూ వేయండి. పడవను లోతుకు తిప్పే బాధ్యత ఒక్కడిది, వల వేసే పని అందరిది. ఒక గురువు ఈ వాక్యంలోంచి మొదటి సగాన్ని మాత్రం తన ధ్యేయవాక్యంగా తీసుకుని, రెండవ సగాన్ని మాటల్లో కాకుండా బొమ్మలో, అంటే పడవ అంచు నుంచి జారే వలలో పెట్టారంటే ఆయన ఈ వచనాన్ని లాటిన్‌లోనే చదివి ఆలోచించారని నా నమ్మకం.

సాధారణంగా లాంఛనాలలో పడవ వచ్చిందంటే అది పేతురు పడవ, అంటే సంఘం. దాని స్తంభం సిలువగా ఉండటం పరిపాటి. ఇక్కడ స్తంభం, తెరచాప కనిపిస్తున్నాయా, పాతఅట్ట గారూ? మీరు వాటిని ప్రస్తావించలేదు.

మరొక జాగ్రత్త. రెండవ జాన్ పాల్ పోపు 2001 జనవరి 6న వెలువరించిన లేఖలో ఈ మాటలనే పదేపదే పిలుపుగా వాడారు. ఆ తరువాత ఇది చాలా ప్రచారం పొందింది. దాన్నిబట్టి మీ చీటీ 2001 తరువాతిదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాక్యం సువార్త అంత పాతది.

పాతఅట్ట రాశారు:

స్తంభం లేదు, తెరచాప లేదు, తెడ్లు కూడా లేవు. ఉత్త పడవ, దాని పక్కన వల, పైన నక్షత్రం.

లాటిన్‌బడి రాశారు:

అలాగైతే నా దృష్టిలో ఇది ఇంకా బాగుంది. గాలి మీదా కాదు, తెడ్డు మీదా కాదు, మాట మీద ఆధారపడి కదిలే పడవ. ‘నీ మాట మీద వల వేస్తాను’ అన్నది సీమోను జవాబు కదా. ఇది నా వ్యాఖ్యానం మాత్రమే; చెక్కినవాడికి స్థలం చాలక తెడ్లు వదిలేసి ఉండవచ్చు కూడా.

సందేహి రాశారు:

గుడిమెట్లు గారి సమాధానం నా అభ్యంతరాన్ని సగం తీర్చింది. మిగిలిన సగాన్ని పక్కన పెట్టి ఒక సూచన చేస్తాను. ఆల్చిప్ప పదహారవ బెనెడిక్ట్ పోపు లాంఛనంలో ఉన్నదే కదా? మన గురువుగారు ఆయన మీది అభిమానంతో దాన్ని తీసుకుని ఉండవచ్చు.

గీతలరాయుడు రాశారు:

ఉండవచ్చు, కాని నేను ఆ దారిలో తొందరపడను. ఆల్చిప్ప ఎన్నో అర్థాలను మోసే బొమ్మ. అది పునీత యాకోబు పేరిట సాగే యాత్రికుల గుర్తు. గురువులు జ్ఞానస్నానంలో నీళ్లు పోయడానికి వాడే పాత్ర ఆకారం. పునీత అగస్టీను గాథలో సముద్రాన్ని ఇసుకగుంటలోకి తోడబోయిన బాలుడి చేతి పనిముట్టు. త్రిత్వ రహస్యాన్ని బుద్ధితో కొలవబోయిన పండితుడికి ఆ బాలుడు చెప్పిన పాఠం అందరికీ తెలిసిందే. బెనెడిక్ట్ అగస్టీను మీద పరిశోధన చేసిన వేదాంతి కనుక ఆయన డాలులో ఆ కథ ప్రధానమైంది, యాత్రికుడి అర్థం దానికి తోడైంది. అది మనకు తెలిసింది బొమ్మను బట్టి కాదు, దాని వివరణను ఆయన పక్షాన ప్రకటించారు కనుక. అదే డాలులో మూట మోసే ఎలుగుబంటి కూడా ఉంది. తన గుర్రాన్ని చంపిన ఎలుగు చేతనే రోము వరకు మూట మోయించిన పునీత కోర్బీనియన్ కథ తెలియని వాడు ఆ బొమ్మను చూసి ఏమనుకోగలడు?

రంగులోనూ తేడా ఉంది. బెనెడిక్ట్ డాలులో ఎర్రటి నేల మీద బంగారు ఆల్చిప్ప. మీ చీటీలో పట్టీ చుక్కలది, అంటే బంగారం. దాని మీది ఆల్చిప్పకు నిలువు గీతలుంటే అది ఎరుపు. ఇక్కడ ఎరుపు అనగానే వేదసాక్షుల రక్తం అని రాసేయడం మన వ్యాఖ్యాతలకు అలవాటు. కాని లోహం (బంగారం, వెండి) మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదన్న మూలసూత్రం ఒకటి ఉంది. బంగారు పట్టీ మీద వెండి ఆల్చిప్ప దూరానికి కనిపించదు. ఏదో ఒక రంగు తప్పదు. అలాగే నీలం నేల మీద పడవ వెండి, నక్షత్రం బంగారం కావడం కూడా ఆ సూత్రం పెట్టిన గీటులోనే ఉంది. రంగులన్నిటికీ సద్గుణాల పట్టిక ఒకటి తగిలించి చదివే పద్ధతి నాకు ఎన్నడూ రుచించలేదు. కొన్ని రంగులు కంటికి ఆనడం కోసమే ఉంటాయి.

మరో అవకాశాన్ని కూడా మరవద్దు: శ్లేష. ఇంటిపేరును బొమ్మగా గీయడం లాంఛనాలలో పెద్ద సంప్రదాయం. రెండవ జూలియస్ పోపు ఇంటిపేరు దెల్లా రోవెరే. రోవెరే అంటే సింధూరపు (ఓక్) చెట్టు, డాలులో ఉన్నది ఆ చెట్టే. ఆరవ పాల్ పోపు ఇంటిపేరు మొంతీని, డాలులో కొండలు. ఎనిమిదవ ఉర్బాన్ పోపు డాలులోని మూడు తేనెటీగల కథ ఇంకా సరదా అయినది: వారి వంశానికి మొదట ఉన్న తఫానీ అన్న పేరుకు జోరీగలని అర్థం, డాలులోనూ జోరీగలే ఉండేవి, ఇంటిపేరు బార్బెరీనిగా మారి వంశం పైకి వచ్చాక జోరీగలు తేనెటీగలయ్యాయి. వాటికి కూడా ఆధ్యాత్మిక అర్థాలు చెప్పినవారున్నారు. మీ చీటీలో పేరు చిరిగిపోయింది కనుక, ఆయన ఇంటిపేరుకే ఏదో భాషలో ఆల్చిప్ప అనో పడవ అనో అర్థం ఉందేమో మనకు తెలియదు. అప్పుడు ఇంతవరకు మనం అల్లిన దాంట్లో సగం కూలిపోతుంది.

ముద్రాక్షరి రాశారు:

బొమ్మను పొరబడటం ఎంత సులువో చూపడానికి ఒక ఉదాహరణ చేరుస్తాను. 2013లో ఫ్రాన్సిస్ పోపు లాంఛనం వెలువడగానే డాలు కింది భాగంలోనిది ద్రాక్షగుత్తి అని చాలామంది రాశారు. అది ద్రాక్ష కాదు, జటామాంసి పువ్వు; పునీత జోజప్పగారికి గుర్తు. పక్కనున్న నక్షత్రం మరియమాతకు, పైనున్న సూర్యబింబంలోని అక్షరాలు ఆయన చెందిన యేసుసభకు. ఆ నక్షత్రానికి మొదటి చిత్రంలో ఐదు కొనలుండగా, కొద్ది రోజుల్లోనే దాన్ని ఎనిమిది కొనలుగా దిద్దారు. ఆయన బిషప్పుగా ఉన్నప్పటి డాలునే, ధ్యేయవాక్యాన్నే పోపు అయ్యాక కూడా ఉంచుకున్నారు. మారినవి డాలు వెలుపలివి: టోపీ, సిలువ పోయి మైటర్, బంగారు వెండి తాళపుచెవులు వచ్చాయి.

నియమాన్ని తెలిసి దాటినవారు కూడా లేకపోలేదు. డాలులో అక్షరాలు రాయడం లాంఛనకారులకు గిట్టని పని. అయినా రెండవ జాన్ పాల్ నీలం నేల మీద పక్కకు జరిగిన బంగారు సిలువ, దాని నీడన మరియమాత పేరులోని ఒక పెద్ద అక్షరం ఉంచుకున్నారు. సిలువ నడిమధ్య నుంచి ఎందుకు జరిగిందంటే, దాని కింద నిలబడ్డ తల్లికి చోటివ్వడానికి. శాస్త్రం ప్రకారం తప్పు కావచ్చు, అర్థం ప్రకారం అంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

పాతఅట్ట గారూ, నక్షత్రానికి కొనలెన్ని? ఆల్చిప్పకు నిలువు గీతలున్నాయా?

పాతఅట్ట రాశారు:

ఆలస్యానికి మన్నించాలి. ఆల్చిప్పకు ఉన్నవి నిలువు గీతలే, కాబట్టి ఎరుపే. నక్షత్రానికి ఎనిమిది కొనలు.

ఆలస్యం ఎందుకైందంటే, ఈ గ్రంథం నాలుగు సంపుటాలది. నేను మూడవ సంపుటాన్ని చూసి ఇక్కడ రాశాను. మీ చర్చ చదివాక మిగిలిన మూడింటినీ దించి అట్టలు తిప్పాను. రెండవదానికి, నాలుగవదానికి చీటీలు లేవు. మొదటి సంపుటానికి ఉంది, కాని అది వేరే అచ్చు. కాగితం మరింత పసుపెక్కింది. పేరు ఉండవలసిన చోట దానిలో మొదటి నుంచీ ఖాళీయే, చేత్తో రాసుకోవడానికి వదిలినట్టుంది, ఎవరూ రాయలేదు.

డాలు అదే. చుక్కల పట్టీ, ఎర్ర ఆల్చిప్ప, నీలం నేల, తెడ్లు లేని పడవ, నీళ్లలోకి జారిన వల, కింద అవే లాటిన్ మాటలు. టోపీ కూడా నల్లదే. కాని తాళ్ల చివర ఒక్కో వైపు ఒక్క కుచ్చే ఉంది, అది కూడా నల్లగా సిరా నిండి ఉంది.

ముద్రాక్షరి రాశారు:

అంటే మొదటి చీటీ వేయించుకున్ననాటికి ఆయన ఏ బిరుదూ లేని గురువు. అటు తరువాత ఊదా కుచ్చులు వచ్చాయి. లోపల ఒక్క గీత కూడా మారలేదు.

సందేహి రాశారు:

నేను ఆడంబరం అన్నది ఆ ఊదా కుచ్చులను చూసి. పడవ అంతకు ముందే ఉందన్నమాట. ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొత్త చీటీ అచ్చు వేయించిన ఖర్చు మీద మాత్రం నా అభిప్రాయం అలాగే ఉంది.

పాతఅట్ట రాశారు:

ఒక్క గీత కూడా మారలేదని ముద్రాక్షరి గారు అన్నాక మళ్లీ రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూశాను. మారింది. పాత చీటీలో నక్షత్రానికి ఐదు కొనలు, కొత్తదానిలో ఎనిమిది. దీనికి అర్థం చెప్పవచ్చా?

గీతలరాయుడు రాశారు:

మరియమాత నక్షత్రాన్ని ఎనిమిది కొనలతో చూపడం వాడుకలో ఉంది, ఫ్రాన్సిస్ లాంఛనంలో దిద్దుబాటు కూడా ఆ వైపే జరిగింది. ఆయన కావాలనే మార్పించి ఉంటే, సముద్రం మీది ఆ నక్షత్రం తల్లిదే. కాని రెండు చీటీలు రెండు అచ్చులు, బహుశా ఇద్దరు చెక్కుడు పనివాళ్లు. కొనల సంఖ్యను ప్రత్యేకంగా చెప్పకపోతే ఎవరి చేతికి అలవాటైన నక్షత్రం వారు చెక్కుతారు. వీలైతే రెండు చీటీలలోని అలలను కూడా లెక్కపెట్టండి. అలల వరుసల సంఖ్య కూడా మారి ఉంటే అది పనివాడి చేయి. అలలు సరిగ్గా అన్నే ఉండి నక్షత్రం ఒక్కటే మారి ఉంటే, ఆయన కూర్చోబెట్టి చెప్పి చేయించుకున్నది.

పాతఅట్ట రాశారు:

రెండింటిలోనూ అలలు నాలుగు వరుసలే.